తిమింగలాన్ని దోమ కుడుతుందా?



పోయిన నెల మన గోడపత్రికలో "మీకు తెలుసా?" శీర్షిక కింద నేనొక ప్రశ్న పెట్టాను. "నీళ్లలో వుండే తిమింగలానికి దోమకాటు వల్ల జబ్బు వస్తుందా?" అని. జవాబుల డబ్బాలో నలభై దాకా చీటీలు పడ్డాయి. ముప్పై మందికి పైగా "రాదు" అనే రాశారు. ఒకరైతే "దోమ మునిగి చస్తది" అని రాసి కింద బొమ్మ కూడా గీశారు. బొమ్మ బాగుంది గానీ జవాబు తప్పు. జబ్బు వస్తుంది. వచ్చి చనిపోయిన తిమింగలాలు వున్నాయి.

అది ఎట్లా జరిగిందో, సముద్రం ముఖమే చూడని మనకూ దానికీ ఏం సంబంధమో ఈ వ్యాసంలో రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. టిఫిన్ విరామంలో సగం, సాయంత్రం సగం చదివినా సరే.

ముందు ఒక సంగతి: అది చేప కాదు

తిమింగలం, డాల్ఫిన్, సీల్, సముద్ర సింహం, ఇవన్నీ నీళ్లలో తిరిగినా చేపలు కావు. మనలాగే క్షీరదాలు. పిల్లల్ని కని పాలిస్తాయి. వాటికి ఊపిరితిత్తులు వుంటాయి, మొప్పలు వుండవు. అందుకే ఊపిరి కోసం మాటిమాటికీ నీటి పైకి రావాలి. రక్తం వెచ్చగా వుంటుంది.

దోమకు కావలసినవి సరిగ్గా ఇవే. ఆడదోమ మాత్రమే రక్తం తాగుతుందని ఎనిమిదో తరగతిలోనే చదివాం. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. చీకట్లో అది మనల్ని ఎట్లా కనుక్కుంటుంది? మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని, చెమట వాసనను పసిగట్టి వస్తుంది. తిమింగలం నెత్తి మీది రంధ్రంలోంచి ఒక్కసారిగా వదిలే గాలి ఎంత వుంటుందో ఆలోచించండి. దోమకు అది పిలుపు లాంటిదే. ఇక తిమింగలం నీటి పైన కదలకుండా తేలుతూ వుంటే దాని వీపు దోమకు అరుగులాగ దొరుకుతుంది.

రెండు చావుల కథ

అమెరికాలో సీవరల్డ్ అనే సంస్థ పెద్ద పెద్ద నీటి తొట్లు కట్టి అందులో ఓర్కాలను పెంచుతుంది. ఓర్కా అంటే నలుపు తెలుపు రంగుల పెద్ద జంతువు. నిజానికి డాల్ఫిన్ కుటుంబానిదే గానీ అందరూ తిమింగలం అనే పిలుస్తారు. బాగా ఎదిగిన మగది మన తరగతి గదంత పొడుగుంటుంది.

కండూకే అనే మగ ఓర్కాను 1975లో కెనడా ఒడ్డున సముద్రంలో పట్టుకున్నారు. అది 1990 సెప్టెంబరులో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండో తొట్టిలో చనిపోయింది. కోసి పరీక్ష చేస్తే దానిలో సెయింట్ లూయిస్ మెదడువాపు వైరస్ దొరికింది. ఇది దోమలు మోసే వైరస్. 1933లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వెయ్యి మందికి పైగా ఈ జబ్బు పడ్డారు. ఆ వూరి పేరే జబ్బుకు పెట్టారు. కండూకే చనిపోయిన 1990లోనే ఫ్లోరిడాలో రెండు వందల మందికి పైగా మనుషులకు కూడా ఇదే జబ్బు వచ్చింది. అంటే ఆ ఏడు అక్కడి దోమలు మనిషినీ తిమింగలాన్నీ వేరు చేసి చూడలేదు.

రెండోది టాకు. ఇది తొట్టిలోనే పుట్టిన మగ ఓర్కా. 14 ఏళ్ల వయసులో, 2007 అక్టోబరులో, టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ అంటోనియోలో వున్నట్టుండి చనిపోయింది. ముందుగా పెద్ద జబ్బు లక్షణాలేమీ కనబడలేదు. మెదడును పరీక్షిస్తే వాపు వుంది. ఏ సూక్ష్మజీవి వల్లనో తెలియలేదు. అప్పుడు వేరువేరు వైరస్‌లను ఒకేసారి పోల్చి చూసే కొత్త పరీక్ష చేశారు. వెస్ట్ నైల్ వైరస్ అని తేలింది. మెదడు కణాల లోపలే అది కనబడింది. దాని తోటి ఓర్కాల రక్తం కూడా చూశారు. వాటికీ ఈ వైరస్ సోకిన గుర్తులున్నాయి గానీ అవి జబ్బు పడలేదు. కుట్టినవన్నీ చావవు. ఒకటి రెండింటికే మెదడుకు ఎక్కుతుంది. మనుషుల్లోనూ అంతే.

వెస్ట్ నైల్ అనేది ఆఫ్రికాలో ఉగాండా దేశపు ఒక జిల్లా పేరు. 1937లో అక్కడ ఒక స్త్రీ రక్తంలో మొదటిసారి ఈ వైరస్ దొరికింది. 1999లో న్యూయార్క్‌కు చేరి కొద్ది ఏళ్లలోనే అమెరికా అంతా పాకింది. వేల కాకులు రాలిపోయాయి.

పిట్ట నుంచి దోమకు, దోమ నుంచి తిమింగలానికి

ఈ వైరస్‌లకు అసలు ఇల్లు పిట్టలు. పిట్ట రక్తంలో వైరస్ బాగా పెరుగుతుంది. దోమ ఆ పిట్టను కుట్టి వైరస్‌ను తాగుతుంది. వైరస్ దోమ కడుపులో పెరిగి, దాని ఉమ్మిలోకి చేరుతుంది. ఆ దోమ మళ్లీ కుట్టినప్పుడు ఉమ్మితో పాటు వైరస్ కూడా దిగుతుంది. కుట్టేది ఇంకో పిట్టనైతే చక్రం తిరుగుతూనే వుంటుంది. మనిషినో గుర్రాన్నో తిమింగలాన్నో అయితే చక్రం అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే వీళ్ల రక్తంలో ఇంకో దోమకు అంటించేంత వైరస్ తయారవదు. చక్రం ఆగినా ప్రాణం మాత్రం పోవచ్చు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. సెయింట్ లూయిస్, వెస్ట్ నైల్ వైరస్‌లకు దగ్గరి చుట్టం ఒకటి మన దేశంలో వుంది. దాని పేరు జపనీస్ మెదడువాపు వైరస్. మూడూ ఒకే గుంపువి. మన దేశంలో దీన్ని మొదట 1955లో తమిళనాడులోని వేలూరు ప్రాంతంలో గుర్తించారు. తరువాత మన తెలుగు జిల్లాల్లోనూ పిల్లలను బలి తీసుకుంది. దీనికి పిట్టల్లో కొంగలు, జంతువుల్లో పందులు ఇల్లు. మోసేది వరిమళ్లలో పుట్టే క్యూలెక్స్ జాతి దోమ.

మెట్‌పల్లి బస్సు దిగి నాలుగు దిక్కులా చూడండి. శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ, దాని కింద వరి పొలాలు, పొలాల్లో తెల్ల కొంగలు, ఊరి అంచున పందులు. పొలం తప్పు కాదు, కొంగ తప్పు కాదు. కానీ ఆ మూడూ కలిసిన చోట సాయంత్రం దోమకాటుకు దూరంగా వుండాలన్నది మాత్రం తెలుసుకోవాలి. తీవ్ర జ్వరం, తలనొప్పి, వాంతులు, ఫిట్స్, మాటలో తికమక కనిపిస్తే "గాలి సోకింది" అని మంత్రం వేయించే దాకా ఆగొద్దు. వెంటనే దవాఖానకు పోవాలి. ఈ జబ్బుకు టీకా వుంది. 2006 నుంచి ఈ జబ్బు వున్న జిల్లాల్లో పిల్లలకు ఇస్తున్నారు.

గుండెలో పురుగు

ఇంతవరకు వైరస్ సంగతి. దోమ మోసే ఇంకో రకం జబ్బు పురుగుల వల్ల వస్తుంది. కాలిఫోర్నియా సముద్ర సింహాలను బంధించి పెంచేచోట కొన్నింటి గుండెలో పొడుగాటి దారాల్లాంటి పురుగులు దొరికాయి. జానెడు పైనే, 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడుగుంటాయి. గుండెలోను, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోయే పెద్ద రక్తనాళంలోను కాపురం పెడతాయి. ఇది నిజానికి కుక్కలకు వచ్చే గుండెపురుగు. కుక్కను కుట్టిన దోమ సముద్ర సింహాన్ని కూడా కుట్టడం వల్ల వచ్చింది.

పురుగుకీ వైరస్‌కీ ఒక తేడా వుంది. వైరస్ దోమలో ఒకటి లక్షలవుతుంది. పురుగు అట్లా కాదు. దోమ తాగిన పిల్లపురుగులు దోమలో సంఖ్యలో పెరగవు. రెండు వారాల పాటు అవే రూపం మార్చుకుని, కుట్టడానికి తయారై, దోమ మూతి దగ్గరకు వస్తాయి. అందుకే దోమ ఒక్కసారి కుడితే పురుగు జబ్బు స్థిరపడడం కష్టం. పదేపదే, నెలల తరబడి కుట్టించుకున్నవాళ్లకే ఎక్కువగా వస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి. చివర్లో పనికొస్తుంది.

చలి సముద్రాల్లో దోమలు వుండవు గదా, అక్కడి సీల్‌లకు గుండెపురుగు రాదా అని మీరు అడగవచ్చు. వస్తుంది. అయితే అక్కడ దోమ పని పేను చేస్తుంది. సీల్ ఒంటి మీద బతికే పేలు రక్తం తాగుతూ ఇంకో జాతి గుండెపురుగును ఒకదాని నుంచి ఒకదానికి చేరవేస్తాయి. రక్తం తాగే ప్రాణి ఏది వున్నా ఆ దారిని వాడుకునే జబ్బు ఒకటి వుంటుందన్న మాట.

ఆ పురుగుకు మన జిల్లాలో చుట్టం

సముద్ర సింహం గుండెపురుగుకు దగ్గరి చుట్టం మన దగ్గర వుంది. అదే బోదకాలు పురుగు. ఫైలేరియా అంటారు. పాత కరీంనగర్ జిల్లా బోదకాలు వున్న జిల్లాల లెక్కలో ఎప్పటి నుంచో వుంది. మన మెట్‌పల్లి 2016 నుంచి జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు మారింది గానీ దోమ మారలేదు. అంగట్లో కాలు ఏనుగు కాలంత అయ్యి, చెప్పు పట్టక, గుడ్డ చుట్టుకుని కూర్చునే అవ్వలను మీరూ చూసే వుంటారు. 2018 నుంచి మన రాష్ట్రంలో బోదకాలు వున్నవాళ్లకు పింఛను ఇస్తున్నారంటే ఎంతమంది వున్నారో అర్థం చేసుకోవచ్చు.

ఈ పురుగు మన ఒంట్లో గుండెలో వుండదు. లసిక నాళాల్లో వుంటుంది. ఒంట్లో అదనపు నీటిని తోడిపోసే సన్నని మోరీలు అనుకోండి వాటిని. పురుగులు అక్కడ కాపురం పెడితే మోరీ చెడిపోతుంది, నీరు నిలుస్తుంది, కాలు వాస్తుంది. పెద్ద పురుగు ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. ఆ కాలంలో లక్షల పిల్లపురుగులను రక్తంలోకి వదులుతుంది.

ఒక వింత ఏమిటంటే ఆ పిల్లపురుగులు పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. ఎందుకు? బోదకాలు మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ అదే కాబట్టి. ఆరోగ్య శాఖవాళ్లు రాత్రిపూట నిద్ర లేపి వేలు గుచ్చి రక్తం తీసుకునేది ఇందుకే. మనల్ని సతాయించడానికి కాదు.

ఈ రహస్యాలు తేలడం వెనుక పెద్ద చరిత్ర వుంది. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ అనే డాక్టరు మనిషి రక్తంలో ఈ పిల్లపురుగులను చూశాడు. 1877లో చైనాలో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు అవి దోమలోకి పోయి పెరుగుతున్నాయని కనిపెట్టాడు. ఒక పురుగు జబ్బును ఎగిరే ప్రాణి మోస్తుందని తెలిసింది అప్పుడే. మలేరియా కూడా ఇట్లాగే వస్తుందేమో చూడమని మాన్సన్ తరువాత రోనాల్డ్ రాస్‌ను ప్రోత్సహించాడు. రాస్ మన సికింద్రాబాదులో, బేగంపేటలోనే, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపును కోసి సూక్ష్మదర్శినిలో చూసి, 1897 ఆగస్టు 20న మలేరియా క్రిమి జాడ పట్టుకున్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగి దోమల చేత కుట్టించుకున్నాడు. ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారట. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అణాలు తీసుకుని చేయి చాపిన హుసేన్ ఖాన్‌ను కూడా మనం తలుచుకోవాలి.

మరి సముద్రంలో తిరిగే తిమింగలానికి ఎందుకు రావడం లేదు?

అసలు ప్రశ్న ఇది. నడి సముద్రంలో తిరిగే ఓర్కా రోజుకు ఎన్నో మైళ్లు ఈదుతుంది, లోతుకు మునుగుతుంది. ఒడ్డుకు దూరం. అక్కడ గాలి జోరు. దోమ పుట్టడానికి కదలని నీరు వుండదు. అందుకే అది దోమకు దొరకదు. దాన్నే తెచ్చి ఒడ్డున తొట్టిలో పెడితే? ఈదడానికి చోటు లేక గంటల కొద్దీ నీటి పైన కట్టెలాగ తేలుతుంది. చుట్టూ చెట్లు, పిట్టలు, మోరీలు, ఊరి దోమలు. జంతువు అదే, దోమ అదే. మారింది చోటు మాత్రమే.

ఒడ్డుకు దగ్గరగా బతికేవాటికి కొంత ప్రమాదం వుంది. ఫ్లోరిడాలో ఇండియన్ రివర్ అనే ఉప్పునీటి కయ్యలో స్వేచ్ఛగా తిరిగే డాల్ఫిన్ల రక్తంలో కూడా దోమల వైరస్‌లు సోకిన గుర్తులు దొరికాయి. అంటే కదలని నీరు, కదలని ప్రాణి ఎంత దగ్గరైతే జబ్బుకు అంత దారి.

మన దేశంలో డాల్ఫిన్లను బంధించి ఆటలాడించడాన్ని కేంద్ర ప్రభుత్వం 2013లో నిషేధించింది. డాల్ఫిన్ల తెలివిని, బంధిస్తే అవి పడే బాధను చూసి ఆ నిర్ణయం చేశారు. దోమ సంగతి తెలిశాక నాకు అది ఇంకా సబబుగా అనిపించింది.

ఇప్పుడు మన హాల్ సంగతి

తొట్టిలో తిమింగలం గురించి చదువుతుంటే నాకు మన పడక హాలే గుర్తుకొచ్చింది. గూడెంలో ఒక్కో గుడిసెలో ఐదారుగురం పడుకుంటాం. పొయ్యి పొగ వుంటుంది. ఇక్కడ ఒక్క హాల్లో అరవై మందిమి ఒకేచోట, ఒకే వేళకు, పది నెలల పాటు పడుకుంటాం. అరవై మంది ఊపిరి కిటికీలోంచి బయటికి పోతుంది. పురుగు జబ్బు పదేపదే కుడితేనే స్థిరపడుతుందని పైన రాశాను గదా. పదేపదే కుట్టడానికి ఇంతకంటే మంచి చోటు దోమకు దొరకదు. పైగా బోదకాలు చాలామందికి చిన్నతనంలోనే సోకుతుంది. కాలు వాచేది ఎన్నో ఏళ్ల తరువాత. ఇప్పుడు మనకేం లేదు గదా అనుకోవడానికి లేదు.

ఏ దోమ ఏ నీళ్లలో పుడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే.

1. మురికి నీళ్లు: వంటగది వెనుక మోరీ, మరుగుదొడ్ల గుంతలు. బోదకాలు మోసే క్యూలెక్స్ ఇక్కడ పుడుతుంది. రాత్రి కుడుతుంది.

2. మెల్లగా పారే మంచి నీళ్లు: వాగు ఒడ్డు, చెలిమె, కాలువ పక్క గుంతలు. మలేరియా మోసే అనాఫిలస్ ఇక్కడ పుడుతుంది. ఇదీ రాత్రిదే. ఆదిలాబాద్ అడవి ఊళ్ల నుంచి వచ్చిన మనకు చలిజ్వరం కొత్త కాదు.

3. నిలువ వుంచిన మంచి నీళ్లు: హౌజు, డ్రమ్ము, కూలరు, పాత టైరు, కొబ్బరి చిప్ప. డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ ఇక్కడ పుడుతుంది. దీని కాళ్ల మీద తెల్ల చారలుంటాయి. పట్టపగలే కుడుతుంది. కనుక దోమతెర ఒక్కటే చాలదు.

గుడ్డు నుంచి రెక్కల దోమ అయ్యేసరికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి శుక్రవారం నీళ్లన్నీ పారబోసి తొట్లను ఎండబెట్టమంటారు. గోడకు అంటుకున్న గుడ్లు పోవాలంటే పీచుతో రుద్దాలి కూడా. ఉత్తగా నీళ్లు పారబోస్తే గుడ్లు అక్కడే వుండి మళ్లీ నీళ్లు పట్టగానే లేస్తాయి.

గోలీల సంగతి

ఇది రాయకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. బోదకాలు గోలీలు పంచినప్పుడు మనలో కొందరు నాలుక కింద పెట్టుకుని, సిస్టర్ పోగానే కిటికీలోంచి ఉమ్ముతారు. "నాకు బోదకాలు లేదు, నాకెందుకు?" అంటారు.

డీఈసీ, ఆల్బెండజోల్ అనే ఈ గోలీలు ముఖ్యంగా రక్తంలోని పిల్లపురుగులను చంపుతాయి. కొన్నిచోట్ల ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి ఇస్తారు. కాలు వాచినవాళ్ల కోసం కాదు ఇవి, బాగా వున్నవాళ్ల కోసం. ఎందుకంటే పురుగు వున్నా చాలామందికి పైకి ఏమీ కనిపించదు. ఆ ఒక్కడు గోలీ ఉమ్మితే రాత్రి దోమ అతని రక్తం తాగి, రెండు వారాలకు పక్క మంచం అతనికి అందిస్తుంది. పెద్ద పురుగు ఏళ్ల తరబడి బతుకుతుంది కనుక ఒక ఏడు మింగి ఊరుకుంటే చాలదు. ఇచ్చిన ప్రతి ఏడూ మింగాలి.

గోలీ మింగాక కొందరికి జ్వరం, తలతిప్పు, వికారం వస్తాయి. దాన్ని చూసి మిగతావాళ్లు భయపడతారు. చాలాసార్లు అది ఒంట్లో పురుగులు చస్తున్నందుకే వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే సిస్టర్‌కు చెప్పాలి. పరగడుపున మింగకూడదు. అన్నం తిన్నాకనే మింగాలి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పెద్ద జబ్బుతో మంచాన వున్నవాళ్లకు ఇవ్వరు. మనం ఆ మూడింట్లో ఏదీ కాదు.

వార్డెన్ సార్లకు విన్నపం

సార్లూ, ఇది ఫిర్యాదు కాదు. మా వంతు పని మేము చేస్తాం. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆటల పిరియడు నుంచి అరగంట ఇప్పించండి. తొమ్మిదో తరగతివాళ్లు హౌజు, డ్రమ్ములు రుద్దుతారు. మేము పదో తరగతివాళ్లం మోరీలో పూడిక తీస్తాం. ఎనిమిదో తరగతి తమ్ముళ్లు ఆవరణలోని చిప్పలు, డబ్బాలు ఏరుతారు. మాకు చేతకానివి రెండే. కిటికీలకు చినిగిన జాలీ మార్పించడం, వంటగది నీళ్లు నిలవకుండా ఇంకుడు గుంత తవ్వించడం. గుంత తవ్వడానికి గడ్డపార ఇస్తే అదీ మేమే తవ్వుతాం. ఇటుకలు, కంకర మీరు ఇప్పించండి.

తిమింగలం తన తొట్టిని తాను కడుక్కోలేదు. దోమను కొట్టడానికి దానికి చేతులు లేవు. గోలీ తెచ్చి ఇస్తే ఎందుకో దానికి తెలియదు. మనకు చేతులున్నాయి, చదువు వుంది. శుక్రవారం నాలుగున్నరకు హౌజు దగ్గర కలుద్దాం. కొబ్బరి పీచు ఎవరిది వాళ్లే తెచ్చుకోండి.

— విజ్ఞాన సంఘం తరఫున, పదో తరగతి విద్యార్థి